జవాబు రాకపోతే

ఒకయామా, జపాను
9-6-1946

అక్కయ్యకు మల్లేశు నమస్కారాలు.

నాన్న దగ్గు ఎలా ఉందో ముందు రాయి, ఆ తర్వాత నన్ను తిట్టు. రెండు నెలలుగా ఉత్తరం లేదు కాబట్టి నీ దగ్గర తిట్లు బాగానే పోగై ఉంటాయి.

మమ్మల్ని ఓడెక్కించి జపాను తెచ్చారు. యుద్ధం ముగిసింది, ఓడిపోయిన దేశానికి కాపలా కాయడం మా పటాలం పని. నాకు ఆ కాపలా కూడా లేదు. ఆఫీసులో గుమాస్తాని కదా, పొద్దస్తమానం టైపు మిషను ముందు కూర్చుని ఎవరు సెలవు మీద పోయారో, ఎవరికి జ్వరం తగిలిందో ఇంగ్లీషులో కొడుతుంటాను. ఊరు సగం కాలిపోయి ఉంది. కాలిన చోట జనం ఏవో ఆకుకూరలు పెంచుకుంటున్నారు.

బాలశౌరి సంగతి రాశాను కదా, మన గుణదల మనిషి, ఇంఫాల్ దారిలో నా పక్కనే ప్రాణం వదిలాడు. అప్పట్నుంచీ నా తలలో ఒక మోత. పని చేస్తున్నా ఉంటుంది, అన్నం తింటున్నా ఉంటుంది. రాస్తే నువ్వు దిష్టి తీయించి విభూతి పొట్లం పంపుతావని రాయలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే అది కాస్త తగ్గింది.

మా క్యాంపు వెనక చిన్న కొండ ఉంది. మన ఇంద్రకీలాద్రి ముందు అది గుట్ట కూడా కాదు. దాని మీద ఒక పాత గుడి, అందులో ఒక ముసలి సన్యాసి. ఊళ్లోవాళ్లతో కలవకూడదని మాకు ఉత్తర్వు, కానీ గుడికే కదా అని మా సుబేదారు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. నేను మెట్ల మీద కూర్చుంటుంటే ఆ ముసలాయన నాలుగు వారాలు నన్ను పట్టించుకోకుండా ఆకులు ఊడ్చుకున్నాడు. ఐదో వారం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి ఒక దిండు వేసి గోడకెదురుగా కూర్చోబెట్టాడు.

చేయవలసింది ఇంతే. బాసింపట్టు వేసుకుని గోడ చూస్తూ కూర్చోవాలి. కళ్లు మూయకూడదు, పూర్తిగా తెరవకూడదు. ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. మధ్యలో ఆలోచన వచ్చి లెక్క తప్పితే మళ్లీ ఒకటి. మంత్రం లేదు. కునుకు పడితే వెనక నుంచి భుజం మీద బద్దతో ఒక దెబ్బ. దీన్ని జెన్ అంటారు. మన ధ్యానమే చైనా పోయి, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చేసరికి పేరు అరిగి ఇంతయిందని మా దుబాసీ చెప్పాడు. మొదటి రోజు నేను మూడు దాటలేదు అక్కయ్యా.

నాన్నకు నా నమస్కారాలు. పక్కింటి తెరేసమ్మ పంతులమ్మగారిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
మల్లేశ్వరరావు

భవానీపురం, బెజవాడ
15-7-1946

చిరంజీవి మల్లేశుకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. "ఏంటే, వాణ్ణి గోడకి నిలబెట్టారా? ఏం తప్పు చేశాడే?" అన్నాడు. నిలబెట్టలేదు నాన్నా, కూర్చోబెట్టారు అన్నాను. "ఎట్టాగైతేనేం, ఇంత వయసొచ్చిన మనిషిని!" అని మీ అధికారులను వరసపెట్టి తిట్టాడు. కాదు, అది తపస్సులాంటిది అని చెప్పానా, అంతకంటే చెప్పకుండా ఉంటే బాగుండేది. నువ్వు సన్యాసుల్లో కలిశావని అన్నం మానేశాడు. తెరేసమ్మ వచ్చి, మిలిటరీలో సన్యాసం ఇవ్వరండీ, దానికి పై నుంచి ఆర్డరు రావాలి అని చెప్తే అప్పుడు తిన్నాడు.

నాన్న దగ్గు అలానే ఉంది. మగ్గం గుంటలో దిగితే పైకి రాలేకపోతున్నాడని, సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ నేనే నేస్తున్నాను. ఆడది మగ్గం ఎక్కిందని వీధిలో నాలుగు రోజులు చెప్పుకుని మానేశారు. నూలు కంట్రోలులో ఇస్తున్నది చాలడం లేదు. ఇచ్చినదాంట్లో సగం పట్టుకుంటే తెగే రకం. అతుకులు వేయలేక నా వేళ్లు పడిపోతున్నాయి.

ఇంతకీ ఒక మాట అడుగుతాను. గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నేనూ గోడ చూస్తూనే ఉన్నాను. పోగుతో నాడె ఇటు విసిరితే ఒకటి, అటు విసిరితే రెండు. పోగు తెగితే మళ్లీ మొదలు. నన్నెవరూ దిండు వేసి కూర్చోబెట్టలేదు, నాకు జపాను ముసలాయన కూడా దొరకలేదు. నీ మోత తగ్గిందంటే మాత్రం సంతోషం. ఆ మాట నాతో ముందే ఎందుకు చెప్పలేదు? విభూతి పొట్లం పంపితే పంపేదాన్ని, నీ సొమ్మేం పోయింది?

వచ్చే ఏప్రిల్లో నిన్ను వదిలేస్తారని ఇదివరకు రాశావు. నేను దానికోసమే ఉన్నాను, దాచుకోవడం ఎందుకు. ఇరవై రెండేళ్లకు ఆయన పోయి పుట్టింటికి వచ్చేసరికి అమ్మ లేదు, నువ్వు ఏడేళ్లవాడివి. జడ వేయడానికి ఆడపిల్ల లేదు కదా అని నీ జుట్టుకే నూనె రాసి దువ్వేదాన్ని. నువ్వు పటాలంలో చేరిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో మాట్లాడే మనిషి లేక మగ్గంతో మాట్లాడుతున్నాను. తెరేసమ్మ గోడ మీంచి విని నవ్వుతుంది.

వేళకు తిను.

అక్క హనుమాయమ్మ

ఒకయామా
2-9-1946

అక్కయ్యకు నమస్కారాలు.

నాన్నతో చెప్పు, నేను సన్యాసిని కాలేదు. గుండు కూడా చేయించుకోలేదు. ఏప్రిల్లో వస్తాను.

ఇప్పుడు పది దాకా వెళ్తున్నాను. రోజూ కాదు, కొన్ని రోజులు. ఏం మారిందని నువ్వు అడుగుతావు కనుక రాస్తున్నాను. నా కోపం నీకు తెలుసు కదా. ఉప్పెక్కువైందని కంచం విసిరితే నువ్వు నెలరోజులు నాకు ఆకులో వడ్డించావు. నిన్న ఒక సిపాయి నేను కొట్టిన కాగితాల మీద టీ ఒలకబోశాడు. పొద్దున్నుంచి పడ్డ శ్రమంతా పోయింది. పూర్వమైతే వాడి వంశం మొత్తాన్ని లేపేవాణ్ణి. నిన్న టీ ఒలికింది అని మాత్రమే చూశాను. గోధుమరంగు మరక, కాగితం చివర దాకా పాకి ఆగింది. ఇంకో కాగితం ఎక్కించి మళ్లీ కొట్టాను. వాడు నన్ను చూసి భయపడ్డాడు.

అన్నం రుచి తెలుస్తోంది. వర్షం పడితే వర్షం చప్పుడే వినపడుతోంది, దాని వెనక ఇంకేమీ వినపడటం లేదు. ఏది ఎలా ఉందో అలా చూడమంటాడు ముసలాయన. దాని మీద నీ కథ అంటించకు అంటాడు. దుబాసీ అలా చెప్పాడు, సరిగ్గా చెప్పాడో లేదో తెలియదు. ఆయన శిష్యులు ఇద్దరూ యుద్ధంలో పోయారట. వాళ్ల దిండ్లు ఇంకా అక్కడే వరసలో ఉన్నాయి. నేను కూర్చునేది వాటిలో ఒకటి.

నువ్వు నేసేటప్పుడు పెద్ద దీపం పెట్టుకో. కళ్లు పాడుచేసుకోకు.

మల్లేశు

భవానీపురం
20-10-1946

మల్లేశూ,

కవరు మూలలకు మసి పూసింది నేనే. చూడగానే నీకు తెలిసి ఉంటుంది.

శుక్రవారం పొద్దున నాన్న పోయాడు. కల్లాపి చల్లి లోపలికి వచ్చేసరికి మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "మల్లేశు దగ్గర్నుంచి ఏమన్నా వచ్చిందా అమ్మా?" అన్నాడు. రత్తయ్య ఇంకా ఇటు రాలేదు నాన్నా, తపాలా వేళ కాలేదు అన్నాను. సరే అన్నట్టు తల ఊపాడు. నేను మంచినీళ్లు తెచ్చేసరికి లేడు. అంత తేలిగ్గా పోయాడు. నేను గ్లాసు పట్టుకుని నాన్నా నాన్నా అని ఎంతసేపు పిలిచానో నాకే తెలియదు.

తలకొరివి పెదనాన్నగారి రామలింగం పెట్టాడు. నువ్వుండి పెట్టవలసింది. కృష్ణ నిండుగా పారుతోంది, ఒడ్డు దాకా నీళ్లు. వాడు కుండ భుజాన పెట్టుకుని తిరుగుతూ, "బాబాయ్, మల్లేశు రాలేదు, నేనే వచ్చాను, ఏమీ అనుకోకు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కడున్న వాళ్లందరికీ నీళ్లొచ్చాయి.

ఈ ఉత్తరం బయటే చదివి చింపెయ్. లోపల ఉంచుకోకూడదు. తలకు నీళ్లు పోసుకో. అక్కడ నీకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరని రాస్తున్నాను.

ఇల్లు ఎంత పెద్దదో ఇప్పుడు తెలుస్తోంది.

అక్క

ఒకయామా
25-11-1946

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే బయట చదివి చింపేశాను. స్నానం చేశాను.

తర్వాత గుడికి వెళ్లి కూర్చున్నాను. ఊపిరి పది దాకా ఒక్కసారి కూడా తప్పలేదు. కన్నీళ్లు రాలేదు. మనసు నాకే ఆశ్చర్యం కలిగేంత నిలకడగా ఉంది. గోడ మీద ఎండ పడి మెల్లగా పక్కకు జరిగింది. నాన్న ఊపిరి ఆగింది, నాది నడుస్తోంది అని చూశాను. వచ్చినది పోతుంది. దానికి మనం కలిపేదే దుఃఖం.

నువ్వు కూడా రోజూ కాసేపు ఇలా కూర్చుని చూడు. మేలు చేస్తుంది.

మల్లేశు

భవానీపురం
28-12-1946

మల్లేశ్వరరావుకు,

ఒక్కసారి కూడా తప్పలేదా? నాన్న పోయాడని చదివి, ఆ చేత్తోనే చింపి, వెళ్లి పది దాకా లెక్కపెట్టగలిగావా? కనీసం ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో ఆ ముసలి మనిషి గుర్తుకు రాలేదా? నీకు కంచం విసిరే కోపం ఉన్నప్పుడే బాగుంది. ఆ కంచం విసిరినవాడు ఇంట్లోవాడు. ఈ ఉత్తరం రాసినవాడెవడో నాకు తెలియదు.

దుఃఖం మనం కలిపేదా? నేను కలపలేదు బాబూ. నాన్న కూర్చున్న చోట గోడ మీద తల నూనె మరక ఉంది. సున్నం కొట్టించుకోమన్నారు. నేను కొట్టించలేదు. అది నేను కలిపిందేనేమో నీ ముసలాయన్ని అడుగు.

మేలు చేస్తుందట! రామలింగానికి నాన్న ఏమీ పెట్టింది లేదు, వాడు ఏడ్చాడు. పదమూడు రోజులూ వాడి పెళ్లాం బిడ్డల్ని వదిలి నాకు తోడు పడుకున్నాడు. నువ్వు నాకు ఊపిరి లెక్కపెట్టుకోమని సలహా పంపావు.

ఏప్రిల్లో వచ్చి ఏం చేస్తావు? ఇక్కడా గోడ చూస్తూ కూర్చుంటావు. దానికి అక్కడి గోడ చాలదా? నీ బతుకు నువ్వు బతుకు. ఇక నేను రాయను.

తెరేసమ్మ ఈ ఉత్తరం పోస్టు చేయవద్దంది. నేను చేస్తున్నాను.

హనుమాయమ్మ

ఒకయామా
26-1-1947

అక్కయ్యకు నమస్కారాలు.

నువ్వు రాసినదంతా చదివాను. నాకు కోపం రాలేదు అని రాయబోయి ఆగాను. ఆ మాటకు నీకు ఇంకా కోపం వస్తుంది.

ఒక సంగతి అడగాలి. ఏప్రిల్లో విడుదల చేసేవాళ్ల పట్టీ కడుతున్నారు. మార్చి ముప్పై ఒకటిలోగా నేను ఏదో ఒకటి చెప్పాలి. విడుదల తీసుకోవచ్చు, లేదా ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టి పటాలంలోనే ఉండవచ్చు. నిజం చెప్తున్నాను, ముసలాయన దగ్గర ఇంకొన్నాళ్లు ఉండాలని నాకుంది. ఇక్కడ మొదటిసారి నా తల నా మాట విన్నది. కానీ నువ్వు అక్కడ ఒక్కదానివే ఉన్నావన్నది కూడా అంతే నిజం. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను, తేల్చలేకపోయాను.

అందుకని నువ్వే తేల్చు. రా అని ఒక్క ముక్క రాస్తే విడుదల తీసుకుని వచ్చేస్తాను, మగ్గం ఎక్కుతాను. నీకు కోపం పోకపోతే రాయవని తెలుసు. జవాబు రాకపోతే వద్దన్నావనే అనుకుని సంతకం పెడతాను.

ముసలాయనకు నీ సంగతి చెప్పాను. విని లేచాడు. తర్వాత సిరా నూరి, కుంచెతో ఒక్క ఊపున ఒక సున్నా చుట్టి, మీ అక్కకు పంపు అన్నాడు. వీళ్లకు అదొక పెద్ద విషయం. సిరా ఇంకా ఆరలేదు కానీ ఇవాళ తపాలా పోతోంది, మడిచి ఇందులో పెట్టేస్తున్నాను. నా చేతులు కూడా నల్లగా ఉన్నాయి, రాస్తే అడ్రసు అలుక్కుపోతుందని కవరు మీద టైపు కొట్టాను.

మల్లేశు

ఒకయామా
3-4-1947

అక్కయ్యకు నమస్కారాలు.

మార్చి ముప్పై ఒకటి దాకా చూశాను. నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రాకపోవడమే జవాబు అనుకుని సంతకం పెట్టాను. రెండేళ్లు.

నాకేమీ బాధ లేదు. నీకూ ఉండకూడదని కోరుకుంటున్నాను. ఇక్కడ గుడి దగ్గర చెట్లన్నీ పూశాయి. నువ్వు ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు రాయి.

మల్లేశు

భవానీపురం
30-4-1947

నా తండ్రీ మల్లేశూ,

నువ్వు బతికే ఉన్నావు.

ఇది నీకు వింతగా ఉంటుంది, నువ్వు నీకు తెలిసే ఉన్నావు కదా. నాకు మొన్నటిదాకా తెలియదు. చెప్తాను విను. అక్షరాలు ఎలా వచ్చినా సర్దుకుని చదువుకో.

ఫిబ్రవరి పంతొమ్మిది, బుధవారం. రత్తయ్య ఎప్పుడూ "అమ్మా, జపాను!" అని అరుచుకుంటూ అరుగెక్కేవాడు. ఆ రోజు వీధి మధ్యలోనే నిలబడిపోయాడు. "మీరే ఇట్టా రండమ్మా. కవరు మూల నల్లగా ఉందండీ. నేను గడప దగ్గరికి తీసుకురాను" అన్నాడు. చూశాను. నీ చేతిరాత కాదు. ఇంగ్లీషులో మిషను మీద కొట్టిన అడ్రసు. మూల మీద నల్లగా, కవరు లోపల్నుంచి కూడా నలుపు. "తలకి నీళ్లు పోసుకోండమ్మా" అని అతను ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు.

నాకు మిగిలింది నువ్వొక్కడివే. జపాను నుంచి నాకు రావలసిన నల్ల కవరు ఒకటే ఒకటి. ఇంక విప్పి చూడాల్సిందేముంది?

లోపలికి తేలేదు. చింపలేదు. వీధి చూరులో తాటాకుల మధ్య దోపాను. తెరేసమ్మ పరుగెత్తుకొచ్చింది. "మనిషి పోతే తంతి వస్తది హనుమాయమ్మా, ఉత్తరం రాదు. నేను విప్పుతాను, నువ్వు వినకపోయినా సరే" అంది. నువ్వు చదివితే నీ ముఖం నాకు కనపడుతుందిగా అన్నాను. తర్వాత రోజూ అడిగింది. ముట్టుకుంటే మన స్నేహం ఇంతటితో సరి అని ఒట్టు పెట్టాను. చదవనంతసేపు నువ్వు పోలేదు, అదీ నా లెక్క. తలకు నీళ్లు కూడా పోసుకోలేదు, పోసుకుంటే ఒప్పుకున్నట్టే కదా.

అరవై ఎనిమిది రోజులు మల్లేశూ. వీధి గుమ్మంలోంచి వెళ్లడం మానేసి పెరటి దారిన తిరిగాను. ఉగాదికి పచ్చడి చేయలేదు. మగ్గం నేశాను, అది మాత్రం ఆపలేదు. నాడె విసిరిన ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను, లెక్క ఆగితే ఆ చూరు గుర్తుకొస్తుందని. ఎన్ని వందలైనా ఒక్కసారి కూడా తప్పలేదు. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. నన్ను చూసినవాళ్లు ఎంత నిబ్బరం అనుకున్నారు. అది నిబ్బరం కాదు, బిగుసుకుపోవడం. నాన్న పోయినప్పుడు నీకు వచ్చింది ఏమిటో, శాంతమో, ఇలాంటి బిగుసుకుపోవడమో, నీ మనసు మీద చెయ్యి వేసుకుని నువ్వే చూసుకో. ఇది తిట్టు కాదు.

మొన్న సోమవారం రత్తయ్య కేకలు పెట్టుకుంటూ గడప దాటి ఇంట్లోకి వచ్చేశాడు. "అమ్మా! చేతిరాతమ్మా! మల్లేశ్వరరావుగారి చేతిరాత!" నేను గుంటలోంచి ఎలా పైకొచ్చానో తెలియదు. సంతకం పెట్టానన్న ముక్క కూడా నాకు ముందు ఎక్కలేదు. ఏప్రిల్ మూడు అన్న తేదీ చూసి వీధి వీధంతా వినపడేట్టు ఏడ్చాను. నాన్నకు ఏడవంది కూడా అప్పుడే ఏడ్చినట్టున్నాను.

సాయంత్రం చూరులోంచి అది తీసి చదివాను.

నువ్వు నా మీద జాలిపడాలని నిజం దాచను. ఫిబ్రవరిలోనే చదివి ఉంటే రా అని రాసేదాన్ని కాదు. 'నీ ఇష్టం' అని రాసేదాన్ని. నా పొగరు అలా ఉంది అప్పుడు. నీ చావు నా చూరులో అరవై ఎనిమిది రోజులు ఉన్నాక ఆ పొగరు పోయింది. ఇప్పుడు గడువు దాటాక రాస్తున్నాను. రా. మీ దొరకు చెప్పు, అక్కకు ఉత్తరం ఆలస్యంగా అందిందని చెప్పు, ఆ సంతకం కొట్టేయమని కాళ్లు పట్టుకో.

ముసలాయనకు నా దణ్ణాలు. సున్నా నాకు అక్కర్లేదని చెప్పు. ఇంట్లో అదే ఉంది.

అక్క

ఒకయామా
1-6-1947

అక్కయ్యా,

దొరను అడిగాను. సుబేదారును తీసుకుని మళ్లీ అడిగాను. పెట్టిన సంతకం వెనక్కి రాదన్నారు. రెండేళ్లు రెండేళ్లే. మన పటాలాలను త్వరలో ఇండియాకు తిప్పి పంపుతారని వినికిడి. అక్కణ్ణుంచి ఉత్తరాదిన ఎక్కడికో వేస్తారట. ముసలాయన కోసం సంతకం పెట్టాను, ఆయన దగ్గరా ఉండను. నీ దగ్గరా ఉండను.

ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ కవరు మూల నల్లగా ఉందని నేను చూశాను. తపాలా సంచీలో వేసేముందు చేత్తో పట్టుకుని చూశాను. సిరా అంటింది అని చూశాను, అంతే. మన ఇళ్లలో దాని అర్థమేమిటో నాకు తెలియక కాదు, రెండు నెలల ముందు అలాంటి కవరే నా చేత్తో చింపాను. ఏది ఎలా ఉందో అలా చూడటం నేర్చుకున్నానని నాకు ఎంత గర్వమంటే, మరకను మరకగా చూసి మెచ్చుకుని సంచీలో పడేశాను. అది వెళ్లి ఎవరి చేతిలో పడుతుందో చూడలేదు.

నీ ఉత్తరం పట్టుకుని గుడికి వెళ్లాను. నేను చదివి ఇంగ్లీషులో చెప్తుంటే దుబాసీ చేత మొత్తం చెప్పించాను, నాన్న పోయినప్పుడు నేను రాసింది కూడా చెప్పించాను. అది ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. మెచ్చుకుంటాడని దాచుకున్నాను. ఆయన బద్ద తీసుకుంటాడనుకున్నా. తీసుకోలేదు. "కదలకుండా కూర్చోవడం రాళ్లకు వచ్చు. అది నేర్చుకోవడానికి నా దగ్గరికెందుకు?" అన్నాడు. పక్కన ఉన్న ఆ ఇద్దరి దిండ్ల మీద దుమ్ము తన చేత్తో తుడిచాడు. తుడుస్తూ ఏడుస్తున్నాడు అక్కయ్యా. ఏడాది పైగా ఆయన్ని చూస్తున్నాను, ఆయన రోజూ ఏడుస్తాడని ఇప్పుడే చూశాను.

గోడకెదురుగా కూర్చున్నాను. ఒకటి అన్నాను. రెండు దాకా వెళ్లలేదు. నాన్న, బాలశౌరి, చూరు కింద నుంచి పోలేక పెరటి దారిన తిరిగే నువ్వు. నా ఏడుపు విని దుబాసీ భయపడి బయటికి పోయాడు. నా తలలో మోత మళ్లీ వచ్చింది. ఈసారి దాన్ని తరమలేదు, అందులో మీ గొంతులు ఉన్నాయి. మానేశానని అనుకోకు, రోజూ కూర్చుంటున్నాను. ప్రశాంతంగా ఉన్నానని మాత్రం ఇక నీకు రాయను.

ఇండియాలో దిగాక పది రోజులు సెలవు ఇస్తారట. పది రోజులకు వచ్చి మళ్లీ వెళ్లిపోతే నీకు ఇంకా కష్టంగా ఉంటుందేమో. వచ్చేదా, రెండేళ్లూ అయ్యాకే ఒక్కసారిగా వచ్చేదా? ఎలా అంటే అలా చేస్తాను. రాయి.

నీ తమ్ముడు
మల్లేశు

భవానీపురం
2-7-1947

చిరంజీవి మల్లేశుకు అక్క దీవెనలు.

వర్షాలు మొదలయ్యాయి. కాలవలకు నీళ్లు వదిలారు. ఊళ్లో ఎవరు కనపడినా ఆగస్టు గురించే మాట్లాడుతున్నారు, తెరేసమ్మ బడి పిల్లల చేత అప్పుడే జెండాలు కుట్టిస్తోంది. గుడ్డ నేను ఇచ్చాను.

దుబాసీ ముందు ఏడ్చావని చదివి సంతోషిస్తాననుకున్నాను. సంతోషం రాలేదు. నిన్నెవరు ఊరుకోబెట్టారా అని రెండు రోజులు అదే ఆలోచన. ముసలాయనను వదిలి వచ్చేటప్పుడు ఆయన కాళ్లకు దణ్ణం పెట్టు, నా తరఫున ఇంకోటి పెట్టు. ఆయన వంట ఎవరు చేస్తారో కనుక్కుని రాయి.

పది రోజులకు రావాలా వద్దా అని మళ్లీ నన్నే అడుగుతున్నావు. ఏరా, ఇంత జరిగాక కూడా నీకు సిగ్గు లేదా? పది రోజులు కాకపోతే పది గంటలకు రా. వెళ్లాక ఏడవడం నా పని, అది నేను చూసుకుంటాను.

ఇంకోమాట. దీన్ని ఈ ఉత్తరంలోంచి చింపి నీ దగ్గర పెట్టుకో. నువ్వు ఏ మూలకు వెళ్తావో, ఏ ఉత్తరం ఎక్కడ ఆగిపోతుందో మనకు తెలియదు. నాకు జ్వరమే రావచ్చు, కళ్లే పోవచ్చు, మళ్లీ నీ మీద కోపమే రావచ్చు. అందుకని ఒక్కసారే రాసి ఇస్తున్నాను. ఇకమీదట నువ్వు ఏమడిగినా, నా దగ్గర్నుంచి జవాబు రాకపోతే, దానికి అర్థం రా అని. కోపంతో రాయకపోయినా రా అనే. నేను లేక రాయకపోయినా రా అనే.

అక్క